అనంతాన్ని ఊహించుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతం మాట ఎత్తితే చాలు, తిరిగి తిరిగి అవే ప్రశ్నలు వస్తాయి. నాకు పనికొచ్చిన ఊహలతో వాటికి ఇక్కడ జవాబులు రాశాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ ఊహల్లో ఏదీ చివరిదాకా నిలబడదు, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. ఆ చిరుగు ఎక్కడో తెలిస్తేనే ఊహ సరిగ్గా పనికొస్తుంది. అందుకే దాన్ని కూడా దాచకుండా చూపించాను.

అనంతం అంటే అసలు ఎంత?

పేచీ అంతా ఆ "ఎంత" దగ్గరే ఉంది. ఎంత అని అడిగామంటే ఒక సంఖ్య జవాబుగా వస్తుందని చూస్తున్నాం అన్నమాట. కానీ అనంతం అనే మాట ఏముందో చెప్పదు, ఏం లేదో చెబుతుంది: అంతం లేదు, అంతే. లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఎక్కడ ఆగినా దాని తర్వాత ఇంకోటి ఉంటుంది. ఆ "ఇంకోటి" ఎన్నడూ తప్పకపోవడమే అనంతం. కాబట్టి మొదటి మెట్టుగా దాన్ని వస్తువు అనుకోకండి, ఆగని పని అనుకోండి.

అరిస్టాటిల్ కూడా ఈ మెట్టు మీదే ఆగాడు. సాగుతూ పోయే అనంతం సరే గానీ, మొత్తం ఒకేసారి చేతికందే అనంతం లేదన్నాడు. రెండు వేల ఏళ్ళకు పైగా చాలామంది పండితులు ఆ మాటే పట్టుకున్నారు. 19వ శతాబ్దంలో గియోర్గ్ కాంటర్ అనే జర్మన్ గణితజ్ఞుడు ఆ రెండో రకాన్ని కూడా బల్ల మీద పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. ఆయన సంగతి కిందకి వస్తుంది.

చాలా పెద్ద సంఖ్యను తలుచుకుంటే అనంతానికి కాస్త దగ్గరవుతామా?

అంగుళం కూడా దగ్గరవ్వం. ఇది చాలామందికి మింగుడుపడదు.

52 పేకముక్కల్ని కలిపితే వచ్చే వరుసలు సుమారు 8 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువులు దాదాపు 1 పక్కన 80 సున్నాలు అని అంచనా. 2024లో బయటపడిన ఒక ప్రధాన సంఖ్య ఉంది. 13,62,79,841 రెండుల్ని వరసగా గుణించి అందులోంచి 1 తీసేస్తే వచ్చేది అదే. దానికి 4,10,24,320 అంకెలు. సెకనుకు ఒక అంకె చొప్పున రాత్రింబవళ్ళు చదివినా 475 రోజులు పడుతుంది.

ఇప్పుడు చెప్పండి, 5 తర్వాత ఎన్ని సంఖ్యలున్నాయి? ఈ భూతం తర్వాత ఎన్ని ఉన్నాయి? రెండు చోట్లా అన్నే. 5 తర్వాతి మొదటిదాన్ని దీని తర్వాతి మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో జత కలుపుతూ పోండి. ఎవరూ ఒంటరిగా మిగలరు. పెద్ద సంఖ్యలు నోరు వెళ్ళబెట్టించడానికి బాగుంటాయి గానీ, అనంతానికి దారి చూపించవు. దారి చూపించేది చిన్న నియమం.

ఆ చిన్న నియమం ఎలా ఉంటుంది?

చిన్నప్పుడు అందరినీ ఏడిపించిన ఆట ఒకటుంది.

"కథ చెప్పనా?"
"ఊ."
"ఊ అంటే కథ వస్తుందా? కథ చెప్పనా?"
"చెప్పు."
"చెప్పు అంటే కథ వస్తుందా? కథ చెప్పనా?"
"అబ్బా, వద్దులే."
"అబ్బా వద్దులే అంటే కథ వస్తుందా? కథ చెప్పనా?"

ఎదుటివాళ్ళు ఏమన్నా ఆ మాటనే తిప్పి అడగాలి. ఉన్న నియమం ఇదొక్కటే, రెండు లైన్లలో అయిపోతుంది. అందులోంచి వచ్చే సంభాషణకు మాత్రం ముగింపు లేదు. లెక్కల్లో 1, 2, 3 రాసి పక్కన మూడు చుక్కలు పెట్టినప్పుడు మనం చేసేదీ ఇదే. ఆ చుక్కలకు అర్థం "మిగతాది కూడా ఇలాగే కానిచ్చుకోండి" అని.

ఈ ఊహకు చిరుగు ఎక్కడంటే, ఆడేవాళ్ళకు నిద్ర ముంచుకొస్తుంది. నియమానికి నిద్ర ఉండదు.

రెండు అద్దాలు ఎదురెదురుగా పెడితే కనిపించేది అనంతమేనా?

ఒకసారి నిజంగా పెట్టి చూడండి, తమాషాగా ఉంటుంది. మొదట అడ్డొచ్చేది మన తలే. సరిగ్గా మధ్యలోంచి లోపలికి తొంగి చూడాలంటే కుదరదు, కాస్త పక్కకు జరగాలి. అద్దాలు వెంట్రుకవాసి వంకరగా ఉన్నా ప్రతిబింబాల వరుస మెల్లగా వంపు తిరిగి అంచు వెనక్కి జారిపోతుంది. ఒకదాంట్లో ముఖం, తర్వాతి దాంట్లో వీపు, మళ్ళీ ముఖం. లోపలికి పోయేకొద్దీ మసకబారుతుంది, పచ్చబడుతుంది కూడా. మామూలు గాజు మిగతా రంగుల్ని ఆకుపచ్చ కన్నా కొంచెం ఎక్కువ మింగుతుంది కాబట్టి ఆ పచ్చదనం.

అద్దం ప్రతిసారీ నూటికి 90 పాళ్ళు వెలుగు తిప్పి కొడుతుందనుకుందాం. 22వ ప్రతిబింబానికి మిగిలేది పదో వంతు, 44వ దానికి నూరో వంతు. ఇంకో చిక్కు కూడా ఉంది. వెలుగు ప్రయాణించడానికి సమయం కావాలి. అద్దాల మధ్య దూరం మీటరైతే వెలుగు సెకనుకు దాదాపు 30 కోట్ల సార్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. చాలా పెద్ద లెక్కే, కానీ లెక్కకు అందేదే. అద్దాలు పెట్టాక ఏ క్షణాన చూసినా లోపల ఉన్నవి ఎన్నో కొన్ని ప్రతిబింబాలే. కళ్ళు "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటాయి. అనంతం కనిపించలేదు, దాని రుచి తగిలిందంతే.

అయితే అనంతం ఎప్పుడూ ఎక్కడో దూరంగా, పెద్దగానే ఉంటుందా?

లేదు, కాగితం ముక్కలోనూ ఉంటుంది. ఎ4 కాగితం తీసుకోండి, పొడవు 29.7 సెంటీమీటర్లు. సగానికి కత్తిరించి ఒక సగాన్ని బల్ల మీద పెట్టండి. చేతిలో ఉన్నదాన్ని మళ్ళీ సగం చేసి ఒక ముక్కను మొదటిదాని పక్కన చేర్చండి. మళ్ళీ సగం, మళ్ళీ చేర్చడం. బల్ల మీది వరుస ప్రతిసారీ పెరుగుతుంది, కానీ అసలు కాగితం పొడవును ఎప్పుడూ దాటదు. సగం, పావు, అరపావు అలా ఎప్పటికీ కలుపుతూ పోతే మొత్తం 1. ఆ ఎప్పటికీ అయిపోని వరుస అంతా పట్టడానికి ఒక్క కాగితమంత చోటు చాలు.

కత్తెరతో చేస్తే ఎనిమిదో కోతకు చేతిలో మిగిలేది మిల్లీమీటరుకు పైచిలుకు. తొమ్మిదో కోతకు కత్తెర జారుతుంది, విసుగు కూడా వస్తుంది. ఎంత సన్నటి పరికరం ఉన్నా 32వ కోత దగ్గర పరమాణువు అడ్డొస్తుంది. ముప్ఫై రెండే! అదే కాగితాన్ని కోయకుండా మడుస్తూ పోగలిగితే, మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే, 42వ మడతకు చంద్రుణ్ణి దాటుతుంది. పరమాణువుకు 32 మెట్లు, చంద్రుడికి 42. అనంతానికి ఎన్ని మెట్లు అని అడక్కండి.

ముందు సగం దూరం, తర్వాత మిగిలినదాంట్లో సగం… ఇలా అయితే మనం గోడ దాకా ఎలా నడుస్తున్నాం?

ఇది జీనో అనే గ్రీకు తత్వవేత్త ప్రశ్న, క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దం నాటిది. దూరంతో పాటు పట్టే సమయం కూడా సగం సగం అవుతుందని గమనిస్తే ముడి చాలావరకు విడిపోతుంది. జీనోదే ఇంకో పందెం కథతో చూద్దాం. గ్రీకు వీరుడు అఖిలీస్ సెకనుకు 10 మీటర్లు పరిగెత్తుతాడు, తాబేలు సెకనుకు 1 మీటరు (బాగా హుషారైన తాబేలే అనుకుందాం). తాబేలుకు 100 మీటర్ల ముందస్తు ఇచ్చారు. అఖిలీస్ అక్కడికి చేరేసరికి తాబేలు 10 మీటర్లు జరిగింది, అది దాటేసరికి ఇంకో మీటరు. అంచెలు ఎన్నటికీ అయిపోవు, నిజమే. కానీ వాటన్నిటికీ పట్టే సమయం 10 సెకన్లు, 1 సెకను, 0.1 సెకను… కలిపితే 11 సెకన్ల చిల్లర. సరిగ్గా 111.11… మీటర్ల దగ్గర అందుకుంటాడు. ఒక్కో అంచెకూ పేరు పెట్టి చెప్పాలంటే మన నోరు చాలదు. పరిగెత్తేవాడికి ఆ బాధ లేదు.

0.999… నిజంగా 1తో సమానమా? దాదాపు సమానమా?

నిజంగా సమానం. మూడో వంతును దశాంశంలో రాస్తే 0.333…, దాన్ని మూడుతో గుణించండి. లేదా రెండింటికీ మధ్య ఇమిడే సంఖ్య ఒక్కటి చూపించండి చూద్దాం.

ఇవి విన్నా మనసు ఒప్పుకోదు. ఎందుకంటే మన బుర్రలో 0.999… అనేది ఒకటి వైపు నడుస్తూ, ఎప్పుడూ చేరని మనిషి. తప్పు మనది కాదు, "ఆగని పని" అనే ఊహది. అది చిరిగే చోటు ఇదే. 0.999… అని రాసినప్పుడు తొమ్మిదులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరడం లేదు, అన్నీ ముందే ఉన్నాయి. ఆ రాత ఒక నడక పేరు కాదు, ఒక చోటు పేరు. ఆ చోటే 1. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బయట ఒక పేరు ఉన్నట్టు. ఇక్కడి నుంచి అనంతాన్ని పనిగా కాక, పూర్తయిన మొత్తంగా కూడా చూడటం మొదలవుతుంది.

ముక్కలు చిన్నవవుతూ పోతే మొత్తం ఎప్పుడూ ఒక హద్దులోనే ఉంటుందా?

ఉండదు. 1, సగం, మూడో వంతు, నాలుగో వంతు, అయిదో వంతు అని కలుపుతూ పోండి. ఇది ఏ హద్దునైనా దాటుతుంది, కాకపోతే నత్తకు విసుగొచ్చేంత నెమ్మదిగా. 10 దాటడానికి 12,367 పదాలు కావాలి, 20 దాటడానికి 27 కోట్ల 24 లక్షలకు పైగా.

దాటుతుందని ఎలా తెలుసు? 14వ శతాబ్దంలో నికోల్ ఒరేమ్ చూపించిన దారి ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మూడో వంతు, నాలుగో వంతు కలిస్తే అర కన్నా ఎక్కువ. తర్వాతి నాలుగు కలిస్తే మళ్ళీ అర కన్నా ఎక్కువ. తర్వాతి ఎనిమిదీ అంతే. ఇలా అరలు దొరుకుతూనే ఉంటాయి. అరలు ఎప్పటికీ దొరుకుతుంటే ఏ గోడైనా దాటాల్సిందే.

సరి సంఖ్యలు మొత్తం సంఖ్యల్లో సగమే కదా? మరి రెండూ సమానం అంటారేం?

హాలు నిండా కుర్చీలు, మనుషులు ఉన్నారు. సమానమా కాదా తెలియాలంటే లెక్కపెట్టనక్కర్లేదు, అందర్నీ కూర్చోమంటే చాలు. కుర్చీ మిగలకుండా, మనిషి మిగలకుండా ఉంటే సమానం. ఇప్పుడు 1ని 2 మీద, 2ని 4 మీద, 3ని 6 మీద కూర్చోబెట్టండి. ఎవరూ మిగలరు. గెలీలియో 1638లో వర్గ సంఖ్యలతో ఇదే చూశాడు. చూసి, అనంతాల మధ్య ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు చెల్లవని వదిలేశాడు. భాగం మొత్తంతో సమానం కావడం ఆయనకు తప్పుగా తోచింది. తర్వాత వచ్చినవాళ్ళు దాన్నే అనంతానికి ఆనవాలుగా తీసుకున్నారు: తనలోని ఒక భాగంతో తానే జతకూడగలిగేది అనంతం.

అనంతమైన గదుల హోటల్ కథ అంటారు, అదేంటి?

గణితజ్ఞుడు డేవిడ్ హిల్బర్ట్ 1920ల్లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. అనంతమైన గదులున్న హోటల్, అన్నీ నిండిపోయాయి. కొత్తగా ఒకాయన వచ్చాడు. ప్రతివాళ్ళనీ పక్క గదికి జరగమంటే 1వ గది ఖాళీ. అనంతమైన జనంతో బస్సు వచ్చింది. ప్రతివాళ్ళూ తమ గది నంబరుకు రెట్టింపు నంబరు గదికి వెళితే బేసి గదులన్నీ ఖాళీ.

అనంతమైన బస్సులొస్తే? అదీ కుదురుతుంది. లోపలున్నవాళ్ళలో మొదటివాడు 2కి, రెండోవాడు 4కి, మూడోవాడు 8కి వెళ్ళాలి. మొదటి బస్సువాళ్ళు 3, 9, 27. రెండో బస్సువాళ్ళు 5, 25, 125. బస్సుకో ప్రధాన సంఖ్య. రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల ఘాతాలు ఎక్కడా ఢీకొనవు కాబట్టి గొడవ లేదు. అందరూ సర్దుకున్నాక కూడా 6, 10, 12 లాంటి గదులు ఖాళీగా పడి ఉంటాయి. నాకు కథలో బాగా నచ్చేది ఈ ఖాళీ గదులే.

చిరుగు: మొదటి గదివాడు పక్కకు జరిగితే సరిపోతుంది, 50 లక్షల గదివాడు మాత్రం కోటో గది దాకా పెట్టె మోయాలి. "జరగండి" అనే కేక అన్ని గదులకూ చేరడానికే అనంతకాలం పడుతుంది. కథలో అందరూ ఒకే క్షణంలో జరిగిపోతారు, అది ఒప్పుకుంటేనే కథ.

అనంతాల్లో చిన్నవీ పెద్దవీ ఉంటాయా?

ఉంటాయి. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

అనంతం ఒక్కటే రకం కాదన్న ఊహ పాతదే. ప్రాచీన జైన గ్రంథాలు సంఖ్యల్ని సంఖ్యేయం, అసంఖ్యేయం, అనంతం అని విడదీసి, ఒక్కోదాంట్లో మళ్ళీ మూడేసి తరగతులు చెప్పాయి. నిరూపణ మాత్రం కాంటర్ చేతుల్లో వచ్చింది. తొలి నిరూపణ 1874లో ప్రచురించాడు. ఇప్పుడు చెప్పబోయే, అందరికీ నచ్చిన పద్ధతి 1891 నాటిది.

ఇందాకటి హోటల్‌కే రండి. 0కీ 1కీ మధ్య ఉన్న దశాంశ సంఖ్యలన్నీ గదులకోసం వచ్చాయి. మేనేజరు "అందరికీ గదులిచ్చేశాను, ఇదిగో రిజిస్టరు" అన్నాడు. తెరిచి చూద్దాం:

1వ గది: 0.4719…
2వ గది: 0.3533…
3వ గది: 0.1415…
4వ గది: 0.8205…

మొదటి సంఖ్యలో మొదటి అంకె 4. రెండోదాంట్లో రెండోది 5. మూడోదాంట్లో మూడోది 1. నాలుగోదాంట్లో నాలుగోది 5. ఏటవాలుగా దిగుతున్నాం. ఇప్పుడు కొత్త సంఖ్య తయారుచేద్దాం. కనిపించిన అంకె 5 కాకపోతే 5 రాస్తాం, 5 అయితే 6 రాస్తాం. వచ్చేది 0.5656…

ఈ సంఖ్య ఏ గదిలో ఉంది? 1వ గదిలో లేదు, మొదటి అంకె దగ్గర తేడా ఉంది. 2వ గదిలో లేదు, రెండో అంకె దగ్గర తేడా. వెయ్యో గదిలోనూ లేదు, వెయ్యో అంకె దగ్గర మనమే కావాలని మార్చాం. రిజిస్టరంతా తిరగేసినా పాపం ఇది ఎక్కడా లేదు, బయట నిలబడి ఉంది.

"సరే, దీన్ని కూడా చేర్చేస్తా" అంటాడు మేనేజరు. చేర్చనివ్వండి. కొత్త రిజిస్టరులో మళ్ళీ ఏటవాలుగా దిగితే ఇంకో సంఖ్య బయట దొరుకుతుంది. ఎంత గొప్ప మేనేజరైనా, ఏ పద్ధతిలో రాసినా, ఎవరో ఒకరు మిగిలిపోతారు. హోటల్ అనంతమే, వచ్చిన జనం అంతకన్నా పెద్ద అనంతం. మొదటిసారి ఇది అర్థమైన రోజు నేను కాగితం మీద రకరకాల రిజిస్టర్లు రాసి మోసం ఎక్కడుందో వెతికాను. చాలాసేపే వెతికాను. మోసం లేదు.

భిన్నాల విషయంలో ఇలా జరగదు. అవి ఎంత కిక్కిరిసి ఉన్నా గదులన్నిటిలో సర్దుకుంటాయి. కిక్కిరిసి ఉండటం వేరు, ఎక్కువ ఉండటం వేరు. దీన్ని మించిన వింత ఏమిటంటే, చిన్న గీత మీద ఎన్ని బిందువులున్నాయో నిండు చదరంలోనూ అన్నే ఉన్నాయి. 1877లో ఇది కనిపెట్టినప్పుడు కాంటర్ తన మిత్రుడు డెడెకిండ్‌కు ఉత్తరం రాస్తూ "చూస్తున్నాను, కానీ నమ్మలేకపోతున్నాను" అన్నాడు. కనిపెట్టినవాడి పరిస్థితే అది.

లెక్కపెట్టే సంఖ్యల అనంతానికీ, ఈ పెద్ద అనంతానికీ మధ్య ఇంకోటి ఉందా?

కాంటర్ లేదనుకున్నాడు, నిరూపించలేకపోయాడు. మనం వాడే సమితుల నియమాలతో "ఉంది" అని నిరూపించలేమని కుర్ట్ గోడెల్ 1940 నాటికి తేల్చాడు, "లేదు" అని కూడా నిరూపించలేమని 1963లో పాల్ కోహెన్ తేల్చాడు. ప్రశ్న కష్టమైంది కావడం కాదు, ఆ నియమాలకు ఆ ప్రశ్న మీద అభిప్రాయమే లేదు.

అనంతంలోంచి అనంతం తీసేస్తే సున్నా రాదా?

1, 2, 3… అన్నిటినీ తీసుకోండి. అన్నీ తీసేస్తే మిగిలేది సున్నా. సరి సంఖ్యలు మాత్రం తీసేస్తే మిగిలేది అనంతం. 3 దాటినవన్నీ తీసేస్తే మిగిలేవి మూడు. మూడుసార్లూ అనంతంలోంచి అనంతాన్నే తీశాం. అందుకే ఈ తీసివేతకు స్థిరమైన జవాబు లేదు. కంప్యూటర్లలో దశాంశ లెక్కల ప్రమాణం కూడా ఇదే పాటిస్తుంది. 1ని 0తో భాగిస్తే అనంతం అంటుంది, అనంతంలోంచి అనంతం తీయమంటే "ఇది సంఖ్య కాదు" అని చేతులెత్తేస్తుంది.

"పూర్ణమదః పూర్ణమిదం" అనే శాంతి మంత్రం చదివి, కాంటర్ చెప్పింది ఇందులో ముందే చెప్పినట్టు ఉందే అంటుంటారు. పూర్ణంలోంచి పూర్ణం తీసినా పూర్ణమే మిగలడం సరి సంఖ్యల ఉదాహరణకు చక్కగా అతుకుతుంది. దాన్ని గణిత సూత్రంగా లాక్కురావడం మాత్రం నాకు ఇష్టం ఉండదు, అది చెప్పేది వేరే సంగతి. లెక్కల దారిలోనే దాని దగ్గరికి వచ్చినవాడు భాస్కరాచార్యుడు. 12వ శతాబ్దపు బీజగణితంలో సున్నాతో భాగించగా వచ్చేదాన్ని ఖహరం అన్నాడు. ప్రళయంలో ప్రాణులు ఎన్ని లీనమైనా, సృష్టిలో ఎన్ని బయటికొచ్చినా మారని అచ్యుతుడిలా, దానికి ఏది కలిపినా ఏది తీసినా మార్పు ఉండదన్నాడు.

గీత అనంతంగా ఉండి, బొమ్మ మాత్రం చిన్నదిగా ఉండగలదా?

కోచ్ మంచురేకు అని ఒక బొమ్మ ఉంది, 1904 నాటి ఊహ. సమబాహు త్రిభుజం గీసి, ప్రతి భుజం మధ్య మూడో వంతు మీద చిన్న త్రిభుజం నిలబెట్టాలి. వచ్చిన ప్రతి చిన్న గీత మీదా మళ్ళీ అదే పని. ప్రతి విడతకూ చుట్టుకొలత మూడో వంతు పెరుగుతుంది. మీటరు భుజంతో మొదలుపెడితే 10 విడతలకు 53 మీటర్లు. 100 విడతలకు 900 కోట్ల కిలోమీటర్లు దాటుతుంది, అంటే నెప్ట్యూన్ దూరానికి రెట్టింపు. అంత గీతా చుట్టిన వైశాల్యం ఎంత? ఎన్ని విడతలైనా మొదటి త్రిభుజానికి 1.6 రెట్లు దాటదు. పిడికిట్లో నలిపి పెట్టుకున్న దారం లాంటిది.

రైలు పట్టాలు దూరంగా కలిసినట్టు కనిపించే చోటు అనంతమేనా?

చిత్రకారులకూ, ప్రక్షేప జ్యామితి (దృశ్యాన్ని కాగితం మీదికి దించే తీరును చదివే జ్యామితి) చదివినవాళ్ళకూ అవును. సమాంతర రేఖలు అనంతంలో ఉన్న ఒక బిందువు దగ్గర కలుస్తాయని నియమంగా పెట్టుకుంటే ఎన్నో లెక్కలు సులువవుతాయి. నడిచి వెళ్ళి చూస్తే ఆ బిందువు మనతో పాటే వెనక్కి జరుగుతుంది. కాగితం మీద మాత్రం పెన్సిల్‌తో ముట్టుకోవచ్చు. అనంతాన్ని వేలితో ముట్టుకోగలిగే చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

కోతికి కీబోర్డు ఇస్తే ఎప్పటికైనా కావ్యం టైప్ చేస్తుందా?

అనంతకాలం ఉండి, ఏ మీటనైనా సమానంగా కొట్టే కోతి అయితే చేస్తుంది. అలా జరగకపోయే అవకాశం సున్నా. ఈ కోతులు 1913లో ఎమిల్ బొరెల్ రాసిన వ్యాసంతో లెక్కల్లోకి వచ్చాయి.

ఆ "ఎప్పటికైనా" ఎంతో చూడండి. 50 మీటల కీబోర్డు, సెకనుకు ఒక మీట. కావ్యం సంగతి తర్వాత, పది అక్షరాల ముక్క ఒక్కటి సరిగ్గా పడాలి. పదేసి మీటలు ఒక ప్రయత్నం అనుకుంటే సగటున 3,100 కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళే. అనంతం చేతిలో ఉంటే ఏదైనా జరుగుతుంది, చాలా పెద్ద సమయం చేతిలో ఉంటే దాదాపు ఏమీ జరగదు. రెంటికీ తేడా ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

విశ్వం అనంతమా?

మనకు కనిపించే భాగం అడ్డకొలత సుమారు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని అవతల ఎంత ఉందో, హద్దు ఉందో లేదో సైన్సు ఇంకా తేల్చలేదు. కానీ ఒక ఆధారం రోజూ రాత్రి కళ్ళముందే ఉంటుంది. విశ్వం అనంతంగా, అనాదిగా, మార్పు లేకుండా, నక్షత్రాలతో నిండి ఉంటే ఎటు చూసినా చూపు ఏదో ఒక నక్షత్రం మీదే ఆగాలి, రాత్రి ఆకాశం సూర్యుడిలా మండిపోవాలి. చీకటిగా ఉందంటే ఆ "అనాదిగా" అన్న మాట చెల్లదు. విశ్వానికి ఒక వయసుంది, చాలా దూరపు వెలుగు ఇంకా దారిలోనే ఉంది.

1+2+3+4… మొత్తం మైనస్ పన్నెండో వంతు అంటారు, నిజమా?

మామూలు కూడికలో కాదు, ఆ మొత్తం పెరుగుతూనే పోతుంది. కూడిక అనే మాటకు అర్థాన్ని వేరేగా విస్తరిస్తే ఆ వరుసకు దక్కే విలువ అది. రామానుజన్ 1913లో ఇంగ్లండు గణితజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరాల్లో దీన్ని తన సిద్ధాంతం ప్రకారం అని చెప్పే రాశాడు. వీడియోల్లో ఆ "ప్రకారం" ఎగిరిపోతుంది, గొడవంతా అందుకే.

∞ గుర్తు ఎవరు పెట్టారు?

జాన్ వాలిస్, 1655లో. ఎందుకు ఆ ఆకారం ఎంచుకున్నాడో చెప్పలేదు.

అనంతం గురించి ఆలోచిస్తే భయం వేస్తోంది. నాకొక్కడికేనా?

కాదు. రాత్రి పడుకున్నాక "ఎప్పటికీ" అనే మాట మీద ఆలోచన పడితే గుండె దడదడలాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకూ పదేళ్ళప్పుడు అయింది. ఆ భయంలో మనం చేసేది ఒకటుంది. మెట్లన్నీ ఒక్కొక్కటిగా మనమే ఎక్కాలనుకుంటాం. నాకు టెన్షన్ తగ్గించింది పైనున్న కాగితం ముక్కే, అంతు లేని వరుస అంతా ఒక్క చూపులో బల్ల మీద ఇమిడిపోవడం. నిద్ర పట్టకుండా చేసేంత భయమైతే మాత్రం కాగితంతో సరిపెట్టుకోకుండా డాక్టరుతో మాట్లాడండి.

మా వాడు "అనంతం ప్లస్ ఒకటి" అని వాదిస్తాడు. వాడికి ఏం చెప్పాలి?

"అనంతానికి ఒకటి కలిపినా అనంతమేరా" అని నోరు మూయించకండి. వాడి మాటలో పస ఉంది.

తుది లేని క్యూ ఒకటి ఊహించండి: 1, 2, 3, అలా నిలబడుతూనే ఉన్నారు. ఆఖరి మనిషి అంటూ లేడు. కొత్తగా ఒకడొచ్చి అందరికన్నా ముందు దూరాడు. ప్రతివాళ్ళ నంబరూ ఒకటి పెరిగింది, కొందరు తిట్టుకున్నారు. క్యూ మాత్రం మునుపటిలాగే ఉంది, ఇప్పటికీ ఆఖరి మనిషి లేడు.

అదే మనిషి ముందుకు దూరకుండా, ఆ అంతులేని జనం అందరి తర్వాత నిలబడ్డాడనుకోండి. ఇప్పుడు క్యూకి ఆఖరి మనిషి ఉన్నాడు. వాడికి ముందు అనంతమైన జనం ఉన్నారు, కానీ వాడికి సరిగ్గా ముందు నిలబడినవాడు ఎవరూ లేరు. తలల లెక్క మారలేదు, వరుస మారిపోయింది. కాంటర్ ఇలాంటి వరుసలకు కూడా విడిగా సంఖ్యలు తయారుచేశాడు. అందులో అనంతం తర్వాత ఒకటి అనేది అనంతం కన్నా నిజంగానే పెద్దది.

కాబట్టి మీవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "ఆ ఒకటి ముందు నిలబడిందా, వెనకాలా?" వెనకాల అన్నాడంటే వాడే గెలిచాడు.